మా బావ నరాలు కారిన రోజు

ఆసుపత్రుల్లో అటెండెంటుగా కొత్తగా చేరిన మన పిల్లలు తెలుగు సంఘం భోజనాల దగ్గర నన్ను పట్టుకుని ఒకటే అడుగుతుంటారు: "అంకుల్, ఇన్నేళ్ళు ఈ పని ఎలా చేశారు?" అడిగేటప్పుడు వాళ్ళ ముఖాలు చూస్తే నేనేదో జైలు నుంచి విడుదలై వచ్చినట్టు ఉంటుంది. పిల్లలూ, ఒక మాట చెబుతాను వినండి. నేను ఒకసారి మూత్రం సీసాను రెండు చేతులా పైకెత్తి వార్డంతా ఊరేగాను. రోగులు పడకల మీద లేచి కూర్చుని చప్పట్లు కొట్టారు. పెద్ద చదువులు చదివి పెద్ద గదుల్లో కూర్చున్నవాళ్ళలో పని చేస్తుండగా చప్పట్లు పడ్డవాళ్ళు ఎంతమందో కనుక్కుని రండి. ఈలోగా ఆ సీసా కథ చెబుతాను.

ముందు నా సంగతి. ఎస్టేటు బడిలో కింది తరగతులు గట్టెక్కాక నాకూ చదువుకూ ఒకరంటే ఒకరికి విసుగు పుట్టి, ఏ గొడవా లేకుండా విడిపోయాం. కొన్నాళ్ళు రబ్బరు తోటలో అమ్మానాన్నల వెనక బకెట్లు మోశాను. తర్వాత ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే పదవీ విరమణ చేశాను. రోగిని ఎత్తడం, దించడం, తోసుకెళ్ళడం, కడగడం, సీసాలు ఖాళీ చేయడం, రక్తం ల్యాబుకూ మందులు వార్డుకూ మోయడం, ఇదీ నా ఉద్యోగం. మా వార్డులో అందరికంటే ముందు నడిచేవాడిని నేనే. పెద్ద డాక్టరైనా సరే, నేను బండి తోసుకొస్తుంటే గోడకు అతుక్కుని దారివ్వాల్సిందే.

ఇక మా బావ. మా అక్క మొగుడు. గ్లౌజుల ఫ్యాక్టరీలో పరీక్ష విభాగానికి సూపర్‌వైజరు. ఆ పరీక్ష ఏమిటంటే, రబ్బరు గ్లౌజులో నీళ్ళు నింపి వేలాడదీసి చూస్తారు. సూది మొనంత చిల్లున్నా బయట తడి కనబడుతుంది. తడి కనబడితే అది రిజెక్టు. ఆయన జీవితమంతా తడి వెతకడంతోనే గడిచింది. అందుకే మనుషుల్లో కూడా ఎక్కడ కారుతోందా అనే చూసేవాడు. సంఘంలో భజన మొదలుపెట్టేది ఆయనే, ప్రసాదం పంచేదీ ఆయనే. శనివారం గుడ్డు ముట్టడు. ఆవు మాంసం మాట ఏ వారమూ ఎత్తనివ్వడు.

బావా బామ్మర్దుల వేళాకోళం మన దగ్గర ఉన్నదే. కానీ మా బావది వేళాకోళం కాదు, సంప్రదాయం. ఏ పండగ భోజనమైనా సరే, నేను పంక్తిలో కూర్చోబోయే సమయానికి, ఊరంతా వినేలా, ఎప్పుడూ అదే ప్రశ్న:

"ఒరే బామ్మర్దీ, సెయ్యి కడిగినావా?"

పంక్తి పంక్తంతా నవ్వేది. నేనూ నవ్వేవాడిని. రోజంతా డాక్టర్లకంటే ఎక్కువసార్లు చేతులు కడిగే ఉద్యోగం నాది. ఆ మాట ఆయనకు చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే.

అలాంటి బావకు డెంగీ వచ్చింది.

మా ఊళ్ళో డెంగీ అంటే అద్దెకున్నవాడి లెక్క. కొన్నాళ్ళు ఖాళీ చేసి వెళ్తాడు, వానలు పడగానే మళ్ళీ సామాన్లతో దిగుతాడు. బావకు జ్వరం కాసింది, ఒళ్ళు విరిచేసింది, క్లినిక్‌లో రక్తం తీసి రోజూ రమ్మన్నారు. ఒక పొద్దున జ్వరం హఠాత్తుగా దిగిపోయింది. అక్క ఏం చేసింది? మా అమ్మమ్మ ఏం చేసేదో అదే చేసింది. గోరువెచ్చటి నీళ్ళు పోసి, మెత్తగా అన్నం వండి, చారు కాచి పథ్యం పెట్టింది. పెట్టి నాకు ఫోను చేసింది.

"తమ్ముడా, మీ బావకి జ్వరం దిగిపోనాదిరా! పథ్యం ఎట్టేసినాను. ఇంక క్లినిక్కి ఎందుకులే అన్నాడు."

జ్వరం దిగితే గండం గడిచినట్టని మన తాత ముత్తాతల లెక్క. ఆ లెక్క మిగతా జ్వరాలకు సరే. డెంగీకి మాత్రం తలకిందులు. జ్వరం దిగిన రోజే అసలు పరీక్ష మొదలు. ఇది నా తెలివి కాదు. మా వార్డు గోడ మీద ఈ దేశపు భాష మలాయ్‌లో గుమ్మడికాయంత అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ గోడ తుడిచేది నేనే.

"అక్కా, కారెక్కించు. ఇప్పుడే" అన్నాను.

"ఆయన రానంటాడురా. బాగానే ఉన్నాను అంటన్నాడు."

అంతలో ఫోనులో వాంతి చప్పుడు వినబడింది. పథ్యం మొత్తం బయటికొచ్చింది. దాంతో పాటు బావ పంతం కూడా కొంత తగ్గింది.

ఆసుపత్రి గుమ్మం దగ్గర చక్రాల కుర్చీతో నేనే ఎదురెళ్ళాను. "జ్వరం నేదు, ఏటీ నేదు. మీ అక్క గోల పడలేక వచ్చినాను" అంటూ దిగాడు. కూర్చోబెట్టడానికి చెయ్యి పట్టుకుంటే, ఐసులోంచి తీసిన చేపలా ఉంది. బావ మాత్రం నన్ను పైనుంచి కిందికి చూసి, "సెయ్యి కడిగినావా?" అన్నాడు.

చల్లటి చెయ్యి, వేడి మాటలు. మా వార్డులో అందరూ భయపడేది సరిగ్గా ఈ జంటకే. ఈ జబ్బులో మనిషి చివరిదాకా చక్కగా మాట్లాడుతూనే ఉంటాడు. ఒక లారీ డ్రైవరు నన్ను టీ తెమ్మని పంపి, పంచదార తక్కువ వెయ్యమని కూడా చెప్పాడు. నేను టీ తెచ్చేసరికి ఆయన పడక చుట్టూ తెర లాగి ఉంది. ఆ టీ కప్పు చాలా ఏళ్ళు నా కళ్ళముందే తిరిగింది. ఆ రోజు బావ కుర్చీ తోస్తుంటే ఇంకా గట్టిగా తిరిగింది.

వార్డులో డాక్టరమ్మ మలాయ్ అమ్మాయి. మాట మెత్తన, నడక మాత్రం మంటలార్పేవాళ్ళ నడక. బావ గోరు నొక్కి వదిలి, తెల్లబడ్డ రంగు తిరిగి రావడం కోసం చూసింది. అది రబ్బరు తోటలో కూలి డబ్బులు వచ్చినంత నెమ్మదిగా వచ్చింది. నాడి అందీ అందనట్టు ఉంది. వెంటనే సెలైను జోరుగా ఎక్కించారు. నాడి లేచింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. కాసేపటికి మళ్ళీ పడిపోయింది. మళ్ళీ సెలైను. ఇంతలో బావ ముఖం ఉబ్బింది, కళ్ళు సన్నబడ్డాయి, పొట్ట బిగిసింది.

అక్క చూస్తూనే ఉంది. "ఓలమ్మో, నీళ్ళు ఎక్కించి ఎక్కించి మడిసిని బెలూను సేసేసినార్రా! ఆపమని సెప్పరా!" అంటూ, నేను చెప్పేదాకా కూడా ఆగకుండా, గొట్టానికి ఉండే చక్రాన్ని తనే తిప్పి డ్రిప్పు కట్టేసింది.

మా వార్డు సిస్టరు చీనా ఆవిడ, ఇక్కడి వాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తుంది. ఆ గొంతుకు రోగాలే భయపడి పారిపోతాయని మాలో ఒక మాట ఉండేది. "అయ్యో ఆంటీ, ముట్టుకోకు లా!" అని ఆవిడ అరిచిన అరుపుకు పక్క వార్డులో కూడా ఎవరో ఏదో కింద పెట్టేశారు. డ్రిప్పు మళ్ళీ తిరిగింది. అక్క చెయ్యి మాత్రం ఆ చక్రం దగ్గర నుంచి కదలలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. నా వైపు తిరిగి, "అంకుల్, మీ భాషలో చెప్పండి. ఒంట్లో నీళ్ళు ఎక్కువున్నాయి, నిజమే. కానీ నరాల్లో లేవు. ఆ గోడలు కారుతున్నాయి. ఎక్కించిన నీళ్ళు బయటికి జారి పొట్టలో, ముఖంలో చేరుతున్నాయి. లోపల రక్తం చిక్కబడి ఎండిపోతోంది" అంది.

దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి? నాకున్న తెలుగులో సగం వంటింటిది, సగం తగువులది. బావ ముఖం చూశాను. దారి అక్కడే దొరికింది.

"బావా," అన్నాను, "నీ నరాలు రిజెక్టు."

ఉబ్బిన కళ్ళు కొంచెం తెరుచుకున్నాయి. "పిన్ హోలా?"

"పిన్ హోలే."

"ఒకటా?"

"ఒళ్ళంతా. మొత్తం లాటు పోనాది."

బావ జీవితంలో మొదటిసారి నా మాట విని ఆలోచించాడు. "మరి నీళ్ళు పోసి ఏటి లాభంరా? సిల్లు గ్లౌజులో ఎంత పోసినా కింద తడే కదా" అన్నాడు.

అది మలాయ్‌లో చెప్పగానే డాక్టరమ్మ ముఖం వెలిగింది. "సరిగ్గా అదే! అందుకే ఇప్పుడు వేరే మందు ఎక్కిస్తాం. కొల్లాయిడ్ అంటారు. అందులో కంటికి కనబడని ముక్కలుంటాయి, నీటి చుక్కకంటే చాలా పెద్దవి. అవి ఆ చిల్లుల్లోంచి అంత తేలిగ్గా జారవు. లోపల ఉండి, నీళ్ళను కూడా తమ దగ్గరే పట్టి ఉంచుతాయి. చిల్లులు వాటంతట అవే పూడుకునేదాకా ఆ పట్టు చాలు."

నేను తెలుగులో చెప్పడం పూర్తి కాకముందే అక్క అందుకుంది. "రబ్బరు పాల్లాగానా? గిన్నెలో వొదిలేస్తే నీళ్ళు పోయి, చిక్కదనం అందులోనే ఉండిపోద్ది. అలాగేనా?"

రబ్బరు పాలు కూడా కొల్లాయిడే, ఆంటీకి బాగా తెలుసే, అంది డాక్టరమ్మ. అక్క చెయ్యి చక్రం మీద నుంచి దిగింది. తోట మనల్ని వదిలి ఎన్నాళ్ళయినా, ఆ పాల వాసన ఇలాంటి చోట పనికొస్తుందని ఎవరనుకుంటారు?

గండం గడిచిపోయిందనుకున్నాను. అసలు గండం అప్పుడే మొదలైంది.

మన దేశంలో ఒక అలవాటుంది. మిఠాయి పొట్లమైనా, దగ్గు మందైనా, వెనక్కి తిప్పి దేనితో చేశారో చూడందే నోట్లో వేసుకోం. పందిదా అని మలాయ్ ముస్లింలు చూస్తారు, ఆవుదా అని మనం చూస్తాం. డాక్టరమ్మ ఆ అలవాటు మధ్య పెరిగిన పిల్ల. సీసా చేతిలో పట్టుకుని ఆగింది. "ఇది జెలటిన్. ఆవు ఎముకల నుంచి తీస్తారు. పాక్‌చిక్ హిందువు కదా, చెప్పకుండా ఎక్కిస్తే తప్పు. నాకైతే ఎవరైనా చెప్పాలనే కోరుకుంటాను" అంది. పాక్‌చిక్ అంటే మనం బాబాయి గారూ అన్నట్టు.

నేను చెప్పాను. బావ డ్రిప్పు ఉన్న చేతిని గుండెల మీదికి లాక్కున్నాడు.

"వొద్దు."

"బావా, తాగమనట్లేదు. నరంలోకి."

"నా నోట్లోకి రానిది నా నరంలోకి రానిస్తానేటిరా? వొద్దంటే వొద్దు. సస్తే సస్తాను."

సరదాకి అనలేదు. ఆయన అలా అన్నాడంటే అంతే. అక్క నా చొక్కా పట్టుకుంది. సిస్టరు గడియారం వైపు, బావ గోరు వైపు మార్చి మార్చి చూసింది. డాక్టరమ్మ వాదించలేదు, బెదిరించలేదు. "ఇంకోటి ఉంది. కనుక్కుని వస్తాను" అని ఫోను దగ్గరికి పరిగెత్తింది. ఆ కాసేపట్లో బావ కాలి వేళ్ళు పట్టుకుని చూశాను. చలి మడమల నుంచి పైకి పాకుతోంది.

తిరిగొచ్చి చెప్పింది. ఆల్బుమిన్ ఉంది, ఫార్మసీలో తీసిపెడుతున్నారు. ఆవు కాదు. "గుడ్డులో తెల్లసొన ఉంటుందే, ఆ జాతిది" అని తేలిక చేసి చెప్పబోయింది.

నేను అనువాదం చేశాను. బావ మూలిగాడు. "ఇయ్యాల శనివారం."

పిల్లలూ, మనిషి చావు గుమ్మంలో నిలబడి వారం లెక్క చూడడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

"గుడ్డు కాదు బావా, మడిసిది. జనం దానం సేసిన రక్తంలోంచి తీస్తారు."

"ఎవరిది?"

"ఎందరిదో. అంతా కలిపేస్తారు."

"మలాయోళ్ళు, చీనోళ్ళు, అందరూనా? ఆళ్లు ఏటి తిన్నారో?"

"బావా, అందులో నాదీ ఉండొచ్చు."

బావ ముఖంలో ఆవు సంగతి విన్నప్పుడు కూడా కనబడనంత కంగారు కనబడింది. "నీదా?"

"ఆసుపత్రిలో రక్తదానం పెట్టినప్పుడల్లా ముందు పడుకునేది నానే. బిస్కెట్టు ఇస్తారు, ఆ పూట పని తప్పుద్ది."

"నీది నాలోకొస్తే నాకూ నీ నోరొచ్చేస్తదిరా."

"రానీ. భజనకి నలుగురు ఎక్కువొస్తారు."

నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగి ఆయాసమైంది. నాకు ఇక జోకులు అయిపోయాయి. "బావా, ఎవడేటి తిన్నాడో వొదిలెయ్. తిన్నది ఇయ్యలేదు, ఉన్నది ఇచ్చినాడు. ఎవరికో తెలీకుండా ఇచ్చినాడు. నువ్వు ప్రసాదం పంచినప్పుడు ఎవరు వండినారని ఎవరైనా అడిగినారా?"

"నానైతే అడుగుతాను" అన్నాడు బావ. ఆయనతో గెలవడం నా తరమా?

అప్పుడు అక్క మంచం మీదికి వంగింది. ఏడవలేదు. వంటింట్లో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది: "ఆళ్లు ఏటి తిన్నారో నాకొద్దు. నువ్వు ఎల్లిపోతే రేపు నాను ఎవరికి పథ్యం ఎట్టాలో అది సెప్పు."

బావ గుండెల మీదికి లాక్కున్న చేతిని దించి మంచం మీద చాపాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"తే," అన్నాడు. "సెయ్యి కడుక్కుని తే."

ఇక నా వంతు. ఫార్మసీ అవతలి భవనంలో. వెళ్ళేటప్పుడు పరిగెత్తాను. కిటికీలోంచి సీసా ఇస్తూ ఫార్మసీ ఆయన వేలు చూపించి చెప్పాడు: "గాజుది, జాగ్రత్త. కుదపకూడదు. కుదిపితే తే తారిక్ లాగా నురగొస్తుంది, పనికిరాదు." తే తారిక్ మీకు తెలుసుగా, ఎత్తు నుంచి పోసి నురగ రప్పించే మన టీ. లేత పసుపు రంగు మందు, గాజులో మెరుస్తోంది. త్వరగా తీసుకెళ్ళాలి, పరిగెత్తకూడదు. ఇది నా వృత్తి జీవితంలోనే కష్టమైన నడక. మోకాళ్ళు వంచి, నడుము కదపకుండా, పెళ్ళిలో నిండు బిందె మోసే ముత్తైదువలాగా ఆ పొడుగు వరండా అంతా వచ్చాను. ఎదురొచ్చిన నర్సులు నాకు నడుం పట్టేసిందనుకున్నారు.

లిఫ్టు దగ్గర నా జతగాడు, తమిళాయన, మురికి దుప్పట్ల బండిని తలుపుకు అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు. లోపలున్న పెద్దమనుషులు విసుక్కుంటున్నారు. "బండి ఇరుక్కుపోచ్చు సార్, ఏం చెయ్యను" అని వాళ్ళకు చెబుతూ నాకు కన్ను కొట్టాడు. నేను ఎక్కగానే ఇరుక్కున్న బండి దానంతట అదే విడిపోయింది. పైకి చేరేదాకా ఎవరూ కదలొద్దని ఆజ్ఞాపించాను. ఒక పెద్ద డాక్టరు కూడా ఊపిరి బిగబట్టాడు.

వార్డు గుమ్మంలో చేతులు కడుక్కున్నాను. బావ చూస్తున్నాడని, ఇంకోసారి కడుక్కున్నాను.

పసుపు సీసా పైన వేలాడింది. చుక్క, చుక్క. బావ ఫ్యాక్టరీలో గ్లౌజు కింద తడి కోసం చూసేవాళ్ళ లాగా మేమందరం ఆయన్నే చూస్తున్నాం. డాక్టరమ్మ మణికట్టు వదల్లేదు. కొంతసేపటికి ఆవిడ కనుబొమ్మలు విడివడ్డాయి. నాడి వేలికి తగిలి, ఈసారి నిలబడింది. నేను కాళ్ళ దగ్గర నా కాపలా మానలేదు. ముందు మడమ వెచ్చబడింది, తర్వాత పాదం, అందరికంటే ఆఖరున బొటనవేలు. మా బావ బొటనవేలికి కూడా పంతమే.

ఇక అందరం ఒక్కదాని కోసం కాచుకున్నాం. నరాల్లో నీళ్ళు నిలిస్తేనే మూత్రపిండాలకు పని దొరుకుతుంది. సిస్టరు వచ్చినప్పుడల్లా అడిగేది: "పాస్ యూరిన్?" లేదు. డాక్టరమ్మ అడిగేది. లేదు. పక్క పడకల వాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. సాయంత్రానికి సీసాలో చిక్కటి టీ రంగులో కాసిని చుక్కలు వచ్చాయి. నేను మా అక్క పెళ్ళిలో కూడా అంత సంతోషపడలేదు.

ఆ రాత్రీ మర్నాడూ కూడా గండం పూర్తిగా పోలేదు. నాడి ఒకసారి తడబడితే ఇంకో పసుపు సీసా వచ్చింది. ఈసారి బావ ఏమీ అడగలేదు. ఆ మరుసటి పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి బావ కేకలు వరండాలోకి వినబడుతున్నాయి.

"ఒరే బామ్మర్దీ! సీసా!"

ఇచ్చాను. నిండింది. ఇంకోటి ఇచ్చాను. అదీ నిండింది. లేత పసుపు, గాజులా స్వచ్ఛంగా. పైనుంచి ఎక్కినదాని రంగే.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. చిల్లులు పూడుకున్నాయని, పొట్టలో చేరిన నీళ్ళన్నీ తిరిగి నరాల్లోకి వస్తున్నాయని, ఇక డ్రిప్పు ఆపకపోతే ఊపిరితిత్తులు మునుగుతాయని చెప్పి, తన చేత్తోనే చక్రం తిప్పి కట్టేసింది.

అక్క లబోదిబోమంది. "అయ్యో, ఇప్పుడెందుకు ఆపేస్తన్నారు?"

"అక్కా, నువ్వు ఆపమన్నప్పుడు ఆపకూడదు, ఆపొద్దన్నప్పుడు ఆపాలి. ఇంతే ఈ జబ్బు" అన్నాను.

ఇక నన్ను నేను పట్టుకోలేకపోయాను. ఆ నిండు సీసాను రెండు చేతులా ఎత్తి, కప్పు గెలిచిన ఫుట్‌బాల్ కెప్టెన్‌లా వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. మొన్నటి నుంచి "పాస్ యూరిన్?" అని అడుగుతున్న జనమే కదా, ఒక్కొక్కరూ లేచి చప్పట్లు కొట్టారు. నా తమిళ జతగాడు ఈల వేశాడు. సిస్టరు నా వెనక పరిగెత్తుతూ, "ఏయ్, అది కొలవాలి లా! ఒలకబోయకు లా!" అని అరిచింది. అరుస్తూనే నవ్వింది. ఆవిడ పళ్ళు చూడడం నాకు అదే మొదటిసారి.

బావ మాత్రం దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. దుప్పటి కింద పొట్ట ఎగరడం బట్టి నవ్వుతున్నాడని తెలిసింది.

కొన్నాళ్ళకు మన సంఘం హాల్లో రక్తదాన శిబిరం జరిగింది. పెట్టించింది బావే. తన వయసుకు, తన జబ్బుకు రక్తం తీసుకోరని తెలిసి, భజన బృందం మొత్తాన్ని బెదిరించి పట్టుకొచ్చాడు. ఎదురు టైర్ల దుకాణంలో పనిచేసే చీనా కుర్రాడు కూడా వచ్చి వరసలో నిలబడ్డాడు. బావ వాడి దగ్గరికెళ్ళి, పొద్దున్న ఏం తిన్నావని తనకొచ్చిన నాలుగు ముక్కల మలాయ్‌లో అడిగాడు. ఖాళీ కడుపుతో ఇవ్వకూడదు కదా. వాడు పాపం ఉన్నదున్నట్టు చెప్పాడు: బీఫ్ నూడుల్స్.

హాల్లో తబలా ఆగిపోయింది. అందరూ బావ వైపు చూశారు.

బావ మంచం మీది దిండు సర్ది, తట్టాడు. "కడుపు నిండా తిన్నావు కదా? పడుకో నాయనా" అన్నాడు.

పక్క మంచం మీద నేనున్నాను, చేతికి సూదితో. కదలకూడదన్నారు. బావ బిస్కెట్టు పొట్లం విప్పి, ఒకటి తీసి, పసిపిల్లాడికి పెట్టినట్టు నా నోటి దగ్గరికి తెచ్చాడు. నేను నోరు తెరవలేదు. ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట, హాలంతా వినేలా అడిగాను:

"బావా, సెయ్యి కడిగినావా?"